నివురు కింద మన చరిత్ర: మంత్రాలయం రోడ్డు, బొగ్గు కుంపటి, వంగిన చువ్వలు



మంత్రాలయం రోడ్డు స్టేషన్‌లో రైలు దిగినోళ్ళంతా బయటికి రాగానే ఆటో ఎక్కి మఠం దిక్కు పోతారు. తుంగభద్రలో మునిగి, రాఘవేంద్రస్వామి బృందావనం చూసి, పరిమళ ప్రసాదం కట్టించుకొని మళ్ళీ అదే స్టేషన్‌కి వస్తారు. స్టేషన్‌ని మాత్రం ఎవరూ చూడరు. మేము ఈసారి ఆ పట్టాల గురించే రాద్దామనుకున్నాం. ఆ పట్టాల మీద నడిచిన బొగ్గు గురించి, అది మండి బూడిదయ్యాక ఎవరి పొయ్యిలోకి చేరిందనే దాని గురించి ఈ పోస్టు. పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈ ఆలోచన ఒక వంగిన ఇనప జల్లెడతో మొదలైంది. మాలో సగం మందిమి సుగాలీ తండాల పిల్లలం, మిగిలినోళ్ళు ఎరుకల ఇళ్ళ బిడ్డలు. ఒక ఎరుకల మిత్రుడి ఇంట్లో అటక దులుపుతుంటే పాత బొగ్గు కుంపటి దొరికింది. పాత బకెట్టుకి లోపల మట్టి మెత్తి, నడుమ చువ్వల జల్లెడ పెట్టి, కింద ఒక పక్కన గాలికి, బూడిదకి కిటికీ కోసిన కుంపటి. ఆ చువ్వలు నులక మంచం మాదిరిగా నడిమికి కుంగిపోయి ఉన్నాయి. రెండు చువ్వలైతే లేనే లేవు.

"ఇదెందుకిట్లా అయింది అవ్వా?" అని అడిగితే వాళ్ళ అవ్వ ఒకటే మాట చెప్పింది. "బూడిద తియ్యకుండా వండినాం నాయనా, అందుకే ఒంగిపాయ."

మేము నవ్వినాం. బూడిద మెత్తగా, చల్లగా ఉండేది కదా, అది ఇనుముని ఎట్లా వంచుతుంది? నిప్పు వంచిందంటే అర్థముంది గానీ బూడిద వంచడమేంది? అవ్వ మాట తప్పనుకున్నాం. తర్వాత చదివి, అడిగి తెలుసుకుంటే తప్పు మాదేనని తేలింది. ఆ మాట వెనకాల పొయ్యి శాస్త్రమూ ఉంది, మన నూటయాభై ఏళ్ళ చరిత్రా ఉంది.

మొదట చువ్వ సంగతి

కుంపటిలో మూడు అంతస్తులు. పైన బొగ్గు, నడుమ చువ్వలు, కింద బూడిద పడే గుంత. నిప్పు మండాలంటే గాలి కావాలి, ఆ గాలి కింది కిటికీలోంచి వచ్చి చువ్వల సందుల్లోంచి పైకి పోతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. మనం గమనించనిది ఇంకోటుంది. ఆ చల్లగాలి నిప్పుని మండించడమే కాదు, పోతూ పోతూ చువ్వల్ని కూడా చల్లబరుస్తుంది. నెత్తి మీద అంత నిప్పు మోస్తూ చువ్వ నిలబడేది ఆ గాలి వల్లనే.

ఇప్పుడు గుంతలో బూడిద నిండి చువ్వలకి తగిలిందనుకోండి. గాలికి దారి మూసుకుపోతుంది. పైన నిప్పు, కింద బూడిదలో దాగిన నిప్పు కణాలు, నడుమ చువ్వ. బూడిద మహా గట్టిగా వేడిని పట్టి ఉంచుతుంది, కదలనివ్వదు. పొద్దున్నే నివురు తీస్తే రాత్రి నిప్పు ఇంకా కణకణమంటుందంటే అందుకే. అంటే కింద బూడిద ఉంటే చువ్వకి చల్లబడే దారే లేదు. పోత ఇనుము దాదాపు 1150 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వంగడానికి అంత వేడి కూడా అక్కర్లేదు. ఎర్రబడితే చాలు, పైన బరువుకి మెల్లమెల్లగా కుంగుతుంది, పైపొర పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇది చాలదన్నట్టు, పొయ్యి సరిగా మండటం లేదని మనం విసనకర్రతో గట్టిగా విసురుతాం, గొట్టంతో ఊదుతాం. గాలి దొరికిన ఒక్క చోటే నిప్పు విపరీతంగా రాజుకొని ఆ చోటి చువ్వ తినేసుకుపోతుంది.

కాబట్టి అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. బూడిద తియ్యడం ఇల్లు శుభ్రం చేసుకునే పని మాత్రమే కాదు, ఇనుముకి ఊపిరి ఆడించే పని.

మరి అవ్వకి ఇది ఎవరు చెప్పారు? మన పూర్వీకుల పొయ్యిలో చువ్వలే లేవు. మూడు రాళ్ళు, కట్టెలు, పిడకలు. ఆ బూడిదతో గిన్నెలు తోమినాం, పళ్ళు తోముకున్నాం, విత్తనాలకి పురుగు పట్టకుండా కలిపి దాచుకున్నాం, మిగిలింది చేనుకి చల్లినాం. కట్టెలు 100 కిలోలు కాల్చినా వచ్చే బూడిద ఒకటి రెండు కిలోలే. దాన్ని వదిలించుకోవాలని ఎవరూ అనుకోలేదు, దాచుకున్నారు.

నేల బొగ్గు అట్లా కాదు. మన దేశపు బొగ్గులో మట్టి పాలు చాలా ఎక్కువ. 100 కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోల దాకా బూడిదే మిగులుతుంది. కోట్ల ఏళ్ళ కింద చెట్లు మునిగి బొగ్గవుతున్నప్పుడే ఏటి మట్టి అందులో కలిసిపోయింది, కడిగినా అంత సులువుగా పోదు. అంటే కట్టెల పొయ్యి నుంచి బొగ్గు కుంపటికి మారిన ఆడమనిషికి రోజూ తట్టెడు బూడిద ఎత్తే కొత్త పని వచ్చిపడింది. ఆ పని ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1871కి పోవాలి.

మూడు సంఘటనలు, ఒకటే ఏడాది

రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం 1671లో అని మఠం చెప్తుంది. సరిగ్గా 200 ఏళ్ళ తర్వాత, 1871లో, మద్రాసు రైల్వే వాళ్ళ లైను కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా తుంగభద్ర దాటి రాయచూరు చేరింది. అటు బొంబాయి నుంచి వచ్చే లైను కూడా అదే ఏడాది రాయచూరులో దానితో కలిసింది. మద్రాసు నుంచి బొంబాయికి ఇనప దారి పడింది. మంచాల అని పిలిచే ఈ చిన్న ఊరికి దూరం నుంచి యాత్రికులు రావడం ఆ దారితోనే సులువైంది. అప్పుడు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని తాలూకాతో పాటు కర్నూలు జిల్లాలో చేరింది.

అదే 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులని రాసిన చట్టం అది. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఎరుకల వాళ్ళు దాని కింద పడ్డారు.

అదే 1871లో విలియం కింగ్ అనే జియలాజికల్ సర్వే అధికారి నిజాం రాజ్యంలో ఇల్లందు దగ్గర నేల బొగ్గు ఉందని గుర్తించాడు. అది కోయలు బతికే అడవి ప్రాంతం.

రైలు, చట్టం, బొగ్గు. మూడూ ఒకే ఏడాది. ఎవరో కూర్చొని కలిపి పన్నిన పన్నాగం అని మేము అనడం లేదు. ఆ ఏడాది కాకతాళీయమే కావచ్చు. కానీ మూడూ వచ్చి ఆనింది మన బతుకుల మీదే.

రైలు రాకముందు రాయలసీమకి సరుకు ఎట్లా వచ్చేది? బండి దారి లేని చోట ఎద్దుల వీపు మీద వచ్చేది. సుగాలీలు, అంటే బంజారాలు, వందల వేల ఎద్దులతో లదేణీ నడిపి ధాన్యం, ఉప్పు మోసినారు. 1790ల్లో టిప్పు మీద యుద్ధానికి వచ్చిన ఇంగ్లీషు సైన్యాలకి తిండిగింజలు చేరవేసింది కూడా వాళ్ళే. ఎరుకల వాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్ళలో అమ్మి, బదులుగా ధాన్యం తీసుకునేవాళ్ళు. ఉప్పు ఎరుకల అనే పేరు ఇప్పటికీ ఉంది కదా, అది ఆ వ్యాపారం గుర్తే. కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అన్నట్టే ఉప్పు ఎరుకల. పేరు మిగిలింది, ఉప్పు పోయింది.

ఎద్దు నెలలు నడిచి మోసే బరువుని రైలు రెండు మూడు రోజుల్లో మోసింది. ఇక ఎద్దుతో ఎవరికి పని? ఆ దెబ్బ మీద 1876–78 కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప, అనంతపురం సీమలన్నీ ఎండిపోయాయి. మనుషులతో పాటు పశువులు కుప్పలుగా చచ్చిపోయాయి. వ్యాపారం రైలుకి పోయింది, ఎద్దులు కరువుకి పోయాయి. సరుకు లేకుండా దారుల వెంట తిరిగే మనిషి మిగిలినాడు. వాణ్ణి చూసి "వీడికి పనేం లేదు, మరి ఎట్లా బతుకుతున్నాడు? దొంగ అయ్యుంటాడు" అన్నారు. చట్టం వచ్చి ఆ మాటకి ముద్ర వేసింది.

అడవి కాలింది, తర్వాత నేల కాలింది

రైలు ఇంజను మొదట్లో మన దగ్గర బొగ్గుతో నడవలేదు. బొగ్గు ఇంగ్లాండు నుంచి ఓడల్లో రావాలి, ఖరీదు. అందుకని మద్రాసు రైల్వే చాలా ఏళ్ళు కట్టెలే కాల్చింది. పట్టాల కింద దూలాలకి, ఇంజను పొయ్యికి కొండల మీద చెట్లు నరికినారు. మద్రాసు రాజధానికి మొదటి అడవుల కన్జర్వేటరు క్లెగ్‌హార్న్ 1861లోనే తన పుస్తకంలో రైళ్ళకి కావాల్సిన కట్టెల గురించి రాసినాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఇంజను తినగా మిగిలిన అడవికి కంచె వేసి, కట్టెల మోపు ఎత్తుకొచ్చే మనిషిని నేరస్థుడిని చేసింది. మనోళ్ళు మొదట ఎద్దుల దారి పోగొట్టుకున్నారు, తర్వాత కట్టెల దారీ పోగొట్టుకున్నారు.

ఇంతలో ఇల్లందు బొగ్గు బయటికి వచ్చింది. 1886లో ఇంగ్లాండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. అక్కడి సింగరేణి అనే ఊరి పేరే బొగ్గుకి పేరైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దక్షిణాది రైళ్ళకి దగ్గరలో దొరికే నేల బొగ్గు అదే. కోయల నేల కింద పుట్టిన బొగ్గు పట్టాల మీద దక్షిణానికి ప్రయాణం కట్టింది.

ఈ వరస ఒకసారి చూడండి. బొగ్గు బయలుదేరిన చోటా ఆదివాసులే ఉన్నారు, అది బూడిదై రాలిన చోటా మనమే ఉన్నాం. నడుమ ప్రయాణంలో మాత్రం మనం లేం.

ఇంజను పొయ్యి కింద

ఆవిరి ఇంజను అంటే మన కుంపటికి పెద్దన్న. దాని కడుపులో కూడా ఇనప కడ్డీల జల్లెడ, దాని మీద బొగ్గు, కింద బూడిద పెట్టె. మన బొగ్గులో బూడిద ఎక్కువని చెప్పినాం కదా, దాని కోసమే 1920ల్లో వెడల్పాటి పొయ్యి ఉన్న కొత్త రకం ఇంజన్లు మన రైల్వేలకి తయారు చేయించారు. జల్లెడ వెడల్పు పెరిగితే నాసిరకం బొగ్గు కూడా పలచగా పరిచి కాల్చుకోవచ్చు.

అయినా బూడిద తప్పదు. షెడ్డుకి వచ్చిన ఇంజనుని పట్టాల నడుమ తవ్విన బూడిద గుంత మీద నిలిపి, నిప్పు సాఫు చేసేవాళ్ళు. పొడుగాటి ఇనప కొక్కేలతో, పారలతో కడ్డీల మీద గట్టిపడ్డ చిట్టేన్ని పగలగొట్టి లాగాలి, కింది పెట్టెలో బూడిదని గుంతలోకి రాల్చాలి. చిట్టెం అంటే బూడిద కరిగి ముద్దగట్టిన రాయి, ఇంగ్లీషులో క్లింకరు అంటారు. అది కడ్డీల సందుల్లో పట్టుకుంటే గాలి ఆగుతుంది, ఇంజను ఆవిరి కట్టదు, కడ్డీలు మాడిపోతాయి. అవ్వ కుంపటికి వచ్చిన రోగమే ఇంజనుకీ వస్తుందన్నమాట. రైలు టైముకి నడవడం డ్రైవరు చేతిలో ఎంత ఉందో, గుంతలో నిలబడి బూడిద లాగిన కూలీ చేతిలో కూడా అంతే ఉంది. డ్రైవర్ల గురించి పాటలున్నాయి, కథలున్నాయి. గుంత కూలీ గురించి ఎవరు రాసినారు?

గుంతలో రాలిన బూడిదంతా బూడిద కాదు. కాలీ కాలని బొగ్గు ముక్కలు అందులో ఉంటాయి. ఆవిరి ఇంజన్ల కాలమంతా, దేశంలో ఏ షెడ్డు చుట్టూ చూసినా, తట్టలు పట్టుకొని ఆ ముక్కలు ఏరుకునే ఆడవాళ్ళు, పిల్లలు కనిపించేవాళ్ళు. మా మిత్రుడి అవ్వ కూడా చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట పోయి అట్లా ఏరుకొచ్చిందే. ఏ షెడ్డో ఇక్కడ రాయం. కొన్ని రోజులు కావలి మనిషి చూసీ చూడనట్టు పోయేవాడంట. కొన్ని రోజులు తట్ట తన్ని "దొంగ జాతి" అనేవాడంట. పారబోసిన బూడిదలోంచి ఏరుకున్నది దొంగతనం ఎట్లా అవుతుందని ఆ పిల్ల వాళ్ళమ్మని అడిగిందంట. జవాబు రాలేదు.

కానీ ఆ ఏరుకునే పనిలోనే వాళ్ళు చదువు నేర్చుకున్నారు. ఆ చదువునే మేము ఇక్కడ రాసిపెడుతున్నాం.

అవ్వల చదువు

ఇది అవ్వ, ఇంకొందరు పెద్దోళ్ళు చెప్పింది. ఎందుకనేది మేము చదివి కలుపుకున్నాం.

1. ఏరేటప్పుడే సగం పని. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా, బొరియలు బొరియలుగా ఉండి, విరిచితే లోపల నల్లగా కనిపించేది మండుతుంది. బరువుగా, గాజు మాదిరి మెరుస్తూ, బూడిద రంగులో ఉండేది చిట్టెం. దాన్ని తెచ్చి పొయ్యిలో వేస్తే మండదు సరికదా మళ్ళీ కరిగి చువ్వలకి అతుక్కుంటుంది. ఒకసారి ఇంజనులో కాలిన ముక్కకి పొగ పోయి ఉంటుంది, ఇంట్లో వాడుకోవడానికి పచ్చి బొగ్గు కంటే మేలు. కానీ అంటుకోవడం ఆలస్యం, బూడిద ఎక్కువ.

2. కొత్త బొగ్గు వేసే ముందు కింది గుంత ఖాళీ చెయ్యాలి. బూడిద ఎప్పుడూ చువ్వలకి నాలుగు వేళ్ళ కిందే ఉండాలి, తగలనియ్యకూడదు.

3. చువ్వల్ని కదిపి బూడిద రాల్చేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియాలి. బూడిద రాలుతూ రాలుతూ మొదటి ఎర్ర నిప్పు కణం కింద పడగానే ఆపెయ్యాలి. చువ్వల మీద పలచగా కొంచెం బూడిద మిగలాలి. అది చాప పరిచినట్టు, నిప్పు నేరుగా ఇనుముకి తగలకుండా కాపాడుతుంది. మొత్తం గీకేసి వట్టి చువ్వ మీద నిప్పు పెడితే అదీ నష్టమే. ఎక్కువైనా ముప్పే, అసలు లేకపోయినా ముప్పే.

4. పైనుంచి కెలకొద్దు. పైన కెలికితే కింది బూడిద బాగా వేడిగా ఉన్న నిప్పు నడుమకి వచ్చి కరిగి చిట్టెం అవుతుంది. కింది కిటికీలోంచి సన్నటి కమ్మీ దూర్చి, చువ్వల సందులు మాత్రమే విడిపించాలి.

5. కాలుతున్న చువ్వల మీద నీళ్ళు చల్లొద్దు. పోత ఇనుము ఒక్కసారి చల్లబడితే టప్పున పగులుతుంది. చిట్టేన్ని కూడా పొయ్యి చల్లారినాకే తియ్యాలి, సుత్తితో కొట్టకూడదు.

6. చువ్వల్ని మట్టిలో గట్టిగా బిగించి మెత్తొద్దు. వేడికి ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వంగుతుంది. కొసల దగ్గర గింజంత సందు వదిలి, ఊడదీసుకునేటట్టు పెట్టాలి. అప్పుడు ఒకవైపు అరిగితే తిప్పి వేసుకోవచ్చు, ఒక్క చువ్వ పోతే ఒక్కటే మార్చుకోవచ్చు.

7. వానాకాలం పొయ్యి వాడకపోతే బూడిద అందులో ఉంచొద్దు. బొగ్గు బూడిద చెమ్మ పీల్చి ఇనుముని తింటుంది. ఊడ్చి, చువ్వలకి కాస్త నూనె రాసి పెట్టాలి.

8. తీసిన బూడిదని వెంటనే పెంట మీద పొయ్యొద్దు. నివురుగప్పిన నిప్పు అనే మాట మనకి ఊరికే రాలేదు. గడ్డి కప్పులున్న తండాల్లో ఆ నిప్పుకి గాలి తగిలితే చాలు. రేకు డబ్బాలో పోసి, బయట, పూర్తిగా చల్లారనియ్యాలి.

ఇంకో రెండు సంగతులు, ఇవి అవ్వలకి కూడా కొంతే తెలుసు. ఒకటి, కట్టెల బూడిద అలవాటు మీద బొగ్గు బూడిదతో పళ్ళు తోముకున్నోళ్ళు, కూరగాయల మళ్ళకి చల్లినోళ్ళు ఉన్నారు. ఆ రెండూ ఒకటి కాదు. నేల బొగ్గు బూడిద గరుకు, పంటి పైపొరని అరగదీస్తుంది. అందులో నేల అడుగునుంచి వచ్చిన సీసం, ఆర్సెనిక్ లాంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. అది తినే పంటకి, నోటికి పనికిరాదు.

రెండోది ప్రాణం మీదికి వచ్చేది. వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడు. బొగ్గు సరిగా గాలి అందక మండితే అది పుడుతుంది. అంటే బూడిదతో మూసుకుపోయిన కుంపటి చువ్వలకి మాత్రమే కాదు, మనిషికి కూడా ముప్పు. బాలింత మంచం కింద కుంపటి పెట్టి, తలుపులు వేసి, చలిగాలి తగలకూడదనే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. పొగ రావట్లేదు కాబట్టి ఏమీ కాదనుకుంటారు. పొగ లేకుండానే ఆ వాయువు పని చేస్తుంది, తలనొప్పి, మత్తు, తర్వాత లేవలేకపోవడం. కర్రబొగ్గైనా, నేల బొగ్గైనా సరే. మీ తండాలో, కాలనీలో ఎక్కడైనా ఇది చూస్తే దయచేసి మొహమాటపడకుండా చెప్పండి. కుంపటి బయటికి తెచ్చేయాలి.

బూడిద ఇప్పుడు ఎక్కడుంది?

చిత్తరంజన్ కర్మాగారం బ్రాడ్‌గేజికి చివరి ఆవిరి ఇంజనుని 1970లో తయారుచేసింది. దానికి అంతిమ్ సితారా అని పేరు పెట్టారు. 1990లు ముగిసేసరికి మామూలు రైళ్ళకి ఆవిరి ఇంజన్లు దాదాపు పోయాయి, వాటితో పాటు బూడిద గుంతలు, ఏరుకునే తట్టలు పోయాయి. 1999లో దీపం పథకం కింద ఆడవాళ్ళ సంఘాలకి గ్యాసు వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అటక మీది కుంపటి ఇక చరిత్రేగా అనుకోవచ్చు.

కానీ బొగ్గు ఆగలేదు. కడప జిల్లా ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం 1994 నుంచి బొగ్గు కాలుస్తోంది. మంత్రాలయం నుంచి తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా, అక్కడ శక్తినగర్‌లో 1985 నుంచి ఇంకో పెద్ద కేంద్రం. మన ఇంట్లో స్విచ్చి వేస్తే వెలిగే బల్బు కింద ఎక్కడో బూడిద రాలుతూనే ఉంది. తేడా ఏమంటే ఇప్పుడది మన కంటికి కనిపించదు. తట్టల్లో పోయే బూడిద చెరువుల్లోకి పోతోంది. ఆ చెరువు గట్టు పక్కన ఎవరి ఊరు ఉంది, ఎండాకాలం గాలికి ఆ బూడిద ఎవరి ఇంటి మీద, ఎవరి చేను మీద పడుతుంది, దాన్ని ఎత్తే పనికి ఎవరు పోతున్నారు అనేవి మనం చదువుకున్నోళ్ళుగా అడగాల్సిన ప్రశ్నలు.

అవ్వ మాటే మళ్ళీ చెప్తాం. బూడిద తియ్యకుండా వండితే చువ్వ వంగుతుంది. పైన వండుకునేవాడికి కింద పేరుకుంటున్నది కనిపించదు, ఒకరోజు జల్లెడ కుంగిపోతే తెలుస్తుంది. పొయ్యికైనా, దేశానికైనా అంతే. కింద పేరుకున్నదాన్ని రోజూ ఎత్తిన చేతులకే ఆ సంగతి ముందు తెలుసు.

ఆ చేతులు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి, కానీ ఇంకెంత కాలమో ఉండవు. మా మిత్రుడి ఇంట్లో కుంపటిని పాత ఇనప సామాన్లోడికి వెయ్యబోయారు, కిలోల లెక్కన. మేము ఆపినాం. వంగిన జల్లెడని తుడిచి, నూనె రాసి, ఒక చీటీ మీద ఇది ఎవరిది, బొగ్గు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు, ఎవరు వాడినారు అని అవ్వని అడిగి రాసి కట్టినాం. మ్యూజియం ఏం కాదు, హాస్టల్ గదిలో ఒక అల్మారా. మీ ఇళ్ళల్లో ఊదుగొట్టాలు, చువ్వలు, లదేణీ ఎద్దుల గంటలు, ఉప్పు తూచిన తక్కెళ్ళు ఏమున్నా పారెయ్యకండి. ముందు ఆ వస్తువు పక్కన అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి. మీరు విన్నది రాయండి, తేదీ వెయ్యండి.

ఈ పోస్టు రాయడం అయినాక అవ్వకి చదివి వినిపించినాం. అంతా విని, "ఆ రెండు చువ్వలు మాత్రం వంగి పోలేదు నాయనా, మీ తాత ఊడబెరికి గడ్డపారకి అతికించుకున్నాడు" అంది. కాబట్టి ఆ వివరం కూడా చీటీ మీద సరిచేసినాం.